కాకి అరిచింది, ఇంకోతూరి చెప్పు

మా చిన్నరంగప్ప మామకు చప్పుడంటే పడదు. అదైనా అందరికీ వినపడే చప్పుడు కాదు. మీకూ నాకూ వినపడని చప్పుడు.

పావగడ బస్టాండుకు రెండు సందుల అవతల మామకు ఒక రికార్డింగు గది ఉంది. ఆటోకు మైకు కట్టి ఊరూరా తిప్పే ప్రకటనలు అక్కడే తయారవుతాయి. గొర్రెల అమ్మకం, జాతర, కొత్తగా తెరిచిన బట్టల అంగడి, నీళ్ళు రాని వార్డు, ఏదైనా సరే కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఆయన మా అమ్మకు తమ్ముడు. నేను ఆరేళ్ళుగా ఆ గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఎడిటింగు చేస్తున్నాను. నా పేరు వినుత.

వచ్చిన మనిషి మైకు ముందు నాలుగు మాటలు మాట్లాడేసరికి మామ చెయ్యి పైకి లేస్తుంది.

"ఆగప్పా. కాకి అరిచింది. ఇంకోతూరి చెప్పు."

"నాకేం ఇనపళ్ళేదే!"

"నీకెట్లా ఇనపడతాది? హెడ్‌ఫోను నా చెవులకు కదా ఉండేది."

రెండోసారి బస్సు హారను. మూడోసారి పక్కింటి కుక్కరు విజిలు. ఒకసారి పాపం ఒకాయన గబగబా చెప్పుకుపోతుంటే ఆపి, "గోడ అవతల ఎవరో ఉల్లిగడ్డ తరుగుతా ఉండారు" అన్నాడు. ఆయన లేచి వెళ్ళి గోడకు చెవి పెట్టి మరీ వచ్చాడు.

పోనీ ప్రకటనలు తనే చదువుతాడా అంటే, చదవడు. ఎవరి మాట వాళ్ళ గొంతులోనే రావాలంటాడు. మంగళవాడ గుండప్ప గొర్రెలు అమ్మడానికి ప్రకటన ఇవ్వాలని వచ్చినప్పుడు అదే పట్టు.

"నువ్వే చెప్పప్పా చిన్నరంగప్పా, నాకు నోరు తిరగదు."

"నీ గొర్రెల సంగతి నీకు తెలిసినంత నాకు తెలుసునా? కూర్చో."

ఆ ప్రకటన అర నిమిషం. పట్టింది గంటన్నర. కాకి అయిదుసార్లు అరిచింది, బస్సులు నాలుగు పోయాయి, కుక్కరు మూడుసార్లు కూసింది. "ఇంకోతూరి అంటే ఆ గొర్రెలే వచ్చి చెప్పిపోతాయి మామా" అన్నాను. పదమూడోసారి గుండప్ప గొంతు గంటలా మోగింది. పోతూ పోతూ, "మీ వీధిలో కాకులు మితిమీరినాయప్పా. పురసభలో ఒక అర్జీ ఇయ్యండి" అని సలహా కూడా ఇచ్చాడు.

అందరూ కాకుల్ని తిట్టుకున్నారు. నేను మాత్రం మామనే తిట్టుకున్నాను.

ప్రకటనలు లేని రోజుల్లో మామ పెద్దవాళ్ళను పిలిపించి పాటలు రికార్డు చేసేవాడు. సోలార్ పార్కు అంచునున్న ఒక పల్లె నుంచి నల్లమ్మ అవ్వ వచ్చేది. శెనక్కాయ చేలో కలుపు తీస్తూ పాడే పాటలు ఆమెకు వచ్చినన్ని ఎవరికీ రావు. ఇప్పుడు ఆ చేలల్లో సోలార్ పలకలు బారులు తీరి ఉన్నాయి. కలుపూ లేదు, పాటకు పనీ లేదు. అట్లా ఆరేళ్ళలో నూట నలభై పాటలు పోగయ్యాయి.

ఈమధ్య తుమకూరులో జానపద పాటలు భద్రపరిచే ఒక సంస్థకు వాటిలో పది పంపాను. జవాబు వచ్చింది: గొంతులు బంగారం, అన్నీ తీసుకుంటాం. కానీ ప్రతి పాట కింద కరెంటు గుంయ్‌మని మోగుతోంది. నెలలోపు అది తీసేసి పంపితే సరి, లేకపోతే తీసుకోలేం.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మామా, గోడ అవతల ఉల్లిగడ్డ తరిగితే వినపడిన చెవులకు మన గదిలో ఆరేళ్ళుగా మోగే గుంయ్ వినపడలేదా?"

మామ తల గోక్కున్నాడు. "పాత వైరింగు కదా పాపా... అలవాటు పడిపోయినాదిలే. తీసేదానికి కాదా?"

"దానికి ప్లగిన్ అని ఒకటి కావాల. మన ఎడిటింగు సాఫ్ట్‌వేరు పాతది, అది ప్లగిన్లు తీసుకోదు."

"ప్లగిన్ అంటే ఏంది?"

"ట్రాక్టరు వెనక గుంటక తగిలిస్తారే, అట్లాంటిది. పనికి తగినది తగిలించుకోవచ్చు."

"అంటే మన ట్రాక్టరుకు కొక్కెం లేదంటావు. అయితే కొక్కెం ఉండే ట్రాక్టరు చూడు. మనకు అందే రేటులో."

అలా మొదలైంది మా వెతుకులాట. పేరున్న సాఫ్ట్‌వేరు ఒకటి చూస్తే, కొనడానికి లేదు, నెలనెలా అద్దె. "సొంత గది పెట్టుకొని లోపలి సామానుకు బాడిగ కట్టేదా?" అని మామ దాన్ని కొట్టేశాడు. రెండోది పూర్తిగా ఉచితం, ప్లగిన్లు కూడా తీసుకుంటుంది. తగిలించాను. మా కంప్యూటరు కాసేపు ఆలోచించి నిద్రపోయింది. లేపి మళ్ళీ తగిలించాను. మళ్ళీ నిద్రపోయింది. ఈ పాత డబ్బాతో ఆ జోడీ కుదరదని వదిలేశాను.

మూడోది పదిహేను రోజులు ఊరికే వాడి చూడమంది. నల్లమ్మ పాట వేసి ఇద్దరం చెవులు రిక్కించాం. అర నిమిషం కాగానే పాట మధ్యలో బుస్సుమంది. మామ కుర్చీలోంచి ఎగిరి పడ్డాడు.

"పామా?"

"సాఫ్ట్‌వేరు మామా. దుడ్డు కట్టేదాకా నడమ నడమ అట్లనే బుస కొడతాది."

"ఉండే చప్పుడు తీసేదానికి కొత్త చప్పుడు కొనాలనా! తీసెయ్ పాపా, తీసెయ్."

ఇంకో పది రోజులే గడువుందనగా నాలుగోది దొరికింది. పేరు పెద్దగా ఎవరికీ తెలియదు, దాన్ని తయారుచేసేది నలుగురైదుగురు మనుషులట. రెండు నెలలు ఏ ఆంక్షా లేకుండా వాడుకోవచ్చు, మావంటి చిన్నవాళ్ళకు రేటు అందేదే, కొక్కెమూ ఉంది. ప్లగిన్ తగిలించాను. కంప్యూటరు నిద్రపోలేదు. గుంయ్‌మనే మోత మాయమై, నల్లమ్మ మా ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు వచ్చింది పాట.

మామ హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టి, మా అమ్మకు ఫోను చేశాడు. "అక్కా, నీ కూతురు ఏం చేసిందో తెలుసునా? నువ్వు అన్నం వండేది ఆపి ముందు ఈడికి రా."

మిగతా రోజులన్నీ ఆ పాటలు శుభ్రం చేయడమే పని. ఆ సాఫ్ట్‌వేరు శబ్దాన్ని బొమ్మగా చూపిస్తుంది. గుంయ్ అడుగున గీతలా పడుకుని ఉంటుంది. దగ్గు స్తంభంలా నిలబడుతుంది. మామ ఏ రికార్డింగునూ చెరపనివ్వడు కాబట్టి ఆపిన చోట్లన్నీ అలాగే ఉన్నాయి. నేను ఎప్పుడూ చివరిసారి బాగా వచ్చింది మాత్రమే తీసుకుని, ఆగిపోయినవి తిరిగి వినేదాన్ని కాదు. ఒకచోట మామ గొంతు: "ఆగమ్మా, కాకి అరిచింది. ఇంకోతూరి." సరే, కాకి అరుపు బొమ్మలో ఎలా ఉంటుందో చూద్దామని వెనక్కి జరిపాను.

కాకి లేదు. సౌండు పెంచి విన్నాను. లేదు. పాటలో చరణం మరిచిపోయి నల్లమ్మ గుటక మింగిన చప్పుడు ఒక్కటే ఉంది.

ఇంకోచోట "బస్సు" అన్నాడు. బస్సు లేదు. అక్కడ ఆమె గొంతు పూడుకుపోయింది. గుండప్పది తీసి చూశాను. పదమూడుసార్లు చెప్పిన ఆ ప్రకటనలో ఒక్క కుక్కరూ కూయలేదు. "గొ, గొ, గొ" అని ఆయన మాట తట్టుకున్న చోటల్లా మామ చెయ్యి లేచింది, అంతే.

అప్పుడు నాకు నా మొదటి రోజు గుర్తొచ్చింది. ఆ పొద్దు నాచేత కూడా ఒక ప్రకటన చదివించాడు. పద్నాలుగుసార్లు ఆపాడు. ఇంటికి పోయి, "అమ్మా, ఆ వీధిలో ఎన్ని బస్సులో! లేకుంటే మొదటి తూరికే చదివేసేదాన్ని" అని గొప్పలు పోయాను. మర్నాడు ధైర్యంగా పనికి వెళ్ళింది ఆ గొప్పతోనే. ఆ ఫైలు వెతికి తెరిచాను. బొమ్మ అద్దంలా ఉంది. ఒక్క బస్సు లేదు. తప్పులు మాత్రం పద్నాలుగు ఉన్నాయి.

టీ తాగి వచ్చిన మామను నిలబెట్టి అడిగాను. "మామా, ఈ కాకులు యాడ?"

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని తెర మీదికి వంగాడు.

"చీపు సాఫ్ట్‌వేరు కదా పాపా. కాకులు కనపడవేమో దాంట్లో."

అంటూనే హెడ్‌ఫోను చెవులకు తగిలించుకున్నాడు.

నూట నలభై పాటలూ గడువులోపే పంపాం, తుమకూరువాళ్ళు అన్నీ తీసుకున్నారు. ఆ ఆదివారం స్పీకరు పట్టుకుని నల్లమ్మ ఊరికి వెళ్ళాం. పంచలో పెట్టి పాట వేస్తే చుట్టుపక్కలవాళ్ళంతా చేరారు. నల్లమ్మ నడుం నిటారుగా పెట్టి కూర్చుని, తన గొంతు తానే విని, అందరినీ ఒకసారి కలియజూసింది.

"ఇన్నారా? నూరు మాటల్లో ఒక్క మాట తప్పు పోలేదు. ఈయప్పే ఊరికే ఆపి ఆపి ఇంకోతూరి పాడిచ్చినాడు. ఏమప్పా, ఆ కాకులకు ఏమన్నా చేస్తివా లేదా?"

"ఏం చేసేదమ్మా, అవి నా మాట ఇంటాయా?" అని మామ చేతులు కట్టుకుని నిలబడి, ఓరకంట నా వైపు చూశాడు.

"నిజమే అవ్వా" అన్నాను నేను. "ఆ పొద్దు కాకులు శానా ఉండె. నేనే కళ్ళారా చూస్తి."