మీగడతోని మింగిన గోలి

పెండ్లయిన మూడో ఏడు, పసుపు ఉడకబెట్టే దినాలల్ల నా నడుముకు తామర తగిలింది. కడాయి కాడ సెగ, చెమట, దినమంత తడిచీర. కుచ్చిళ్ల కింద గుండ్రంగ లేచి ఒక్కటే దురద. అత్తమ్మ పసుపు నూరి పూసింది, వేపాకు పూసింది. తగ్గలే. ఆర్మూరు దవాఖానల గోలీలు ఇచ్చిండ్రు.

"గోలి మింగుతున్నన్ని రోజులు పథ్యం ఉండాలె" అన్నది అత్తమ్మ. నూనె లేదు, నెయ్యి లేదు, పాలు లేవు. ఉత్త బువ్వ, చింతపండు చారు. నెల మింగిన. తామర నడుము దాటి వీపుకెక్కింది. నా కంచం వేరే పెట్టిండ్రు. ఆఖరికి నా బిడ్డను నా పక్కల పండనియ్యలే. గప్పుడు మండింది నాకు.

ఒక్కదాన్నే బస్సెక్కి మళ్ల దవాఖానకు పోయిన. డాక్టరమ్మ వీపు చూసి, "గోలీలు సక్కగ మింగుతున్నవా?" అన్నది.

"ఒక్కటి ఇడువలే."

"ఏం తిని మింగుతున్నవ్?"

చెప్పిన. ఆమె తల పట్టుకున్నది. "గీ గోలి నీళ్లల్ల కరగదమ్మా. ఉత్త చారుతోని తింటె ఒంటికి పట్టకుంటనే బయటికి పోతది. నెయ్యి బువ్వ తిని మింగు, లేకుంటె మీగడ పాలు తాగు. కొవ్వు తోడుంటెనే కరిగి నెత్తుట్ల కలుస్తది."

ఇంటికొచ్చి గదే మాట చెప్పిన. అత్తమ్మ లేచింది. "తామర ఉన్నోళ్లు నెయ్యి తింటరా? ఒళ్లంత పాకుతది!"

"పాకితే నా ఒళ్లే గద అత్తమ్మా. చారు తిన్నప్పుడు పాకకుంట ఆగిందా?"

"అమ్మ చెప్పినట్టు ఇనరాదా" అని నసిగిండు మా ఆయన.

"దురద నీకు లేస్తలేదు" అన్న.

అత్తమ్మ నెయ్యి గిన్నె సందూకల పెట్టి తాళమేసింది. ఏసుకోనీ. బర్రెను పిండేది నేనే గద! తెల్లారి పాలు కాగబెట్టి, మీగడంత గిలాసల తీసుకొని, ఇంటి ముందటి అరుగు మీద కూసున్న. వాడకట్టంత చూడాలెననే గక్కడ కూసున్న. గోలి మింగి, మూతి తుడుసుకొని లోపలికొచ్చిన. దినాం గట్లనే చేసిన.

మెల్లగ అంచులు ఎండినయ్. వానలు పడి మక్కలు ఏసే నాటికి మచ్చలే మిగిలినయ్. చుట్టాలొస్తె అత్తమ్మ, "నా పథ్యంతోనే పోయింది" అని చెప్పుకున్నది. నలుగురి ముందటనే అన్న, "కాదు అత్తమ్మా, మీగడతోని."

చానా రోజులు ఆమె నాతోని మాట్లాడలే. నేనూ తగ్గలే. ఒకనాడు ముప్కాల్ నుంచి వచ్చిన మా ఆడిబిడ్డ తన చేతి మీది తామర సూపెట్టి, ఏం పథ్యం చేయాలె వదినా అని అడిగింది.

"దవాఖానకు పోయి, గోలి దేంతోని మింగాలెనో అడుగు" అన్న. "మీ అత్త వద్దంటె ఆమెను నా తానికి తోలు."