ఏడో మెట్టు

కంప్యూటరుకి ఏసీ పెట్టించి మనుషుల్ని ఫ్యాను కింద కూర్చోబెట్టే కాలం ఒకటుండేది. ఆ కాలంలో నేను రోజూ తాడేపల్లిగూడెంలో పాసింజరు బండెక్కి ఏలూరు వచ్చి, ఒక డీటీపీ సెంటర్లో శుభలేఖలూ కరపత్రాలూ కంపోజు చేసేవాణ్ణి. కంప్యూటరు పక్కన కూర్చున్న పుణ్యానికి ఆ చల్లదనంలో కాస్త నాకూ దక్కేది. టీచరు పరీక్ష రెండుసార్లు తప్పినవాడికి (రెండోసారి మరీ ఘోరంగా) అంతకంటే మంచి కుర్చీ దొరకదు. అది కూడా పోతే గుండుగొలనులో మా మావయ్య చేపల ప్యాకింగు షెడ్డు ఉంది. అక్కడ పొద్దున్నించీ సాయంత్రం దాకా ఐసు దిమ్మలు పగలగొట్టాలి. మావయ్య కనబడ్డప్పుడల్లా "ఎప్పుడొస్తావురా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగేవాడు. ఆ ఆప్యాయతకి నాకు చేతులు కొంకర్లు పోయేవి.

మా ఓనరుగారు ఒంటిగంటకి భోజనానికి వెళ్లి, ఓ కునుకు తీసి నాలుగింటికి వచ్చేవారు. ఆ మూడు గంటలూ నేను యుద్ధం చేసేవాణ్ణి. ఎవరో సీడీలో తెచ్చి ఎక్కించిన ఆట అది. కత్తి పట్టుకున్న వీరుడు దారిలో చిల్లర దెయ్యాలన్నిటినీ కొట్టి బలం పెంచుకుంటూ కోట అడుక్కి దిగుతాడు. అక్కడ మొసలి మొహం, నాలుగు చేతులు, నోట్లో నిప్పు ఉన్న రాక్షసుడు ఉంటాడు. మా గోదావరి నోటికి రాక్షసుడి పేరు చివరనైనా 'గారు' లేకపోతే వెలితిగా ఉంటుంది కాబట్టి ఆయన్ని పెద్దాయనగారు అనేవాణ్ణి. చిల్లర దెయ్యాలతో నాకెప్పుడూ ఇబ్బంది లేదు. పెద్దాయనగారి చేతిలో మాత్రం రెండు నెలలపాటు, ఆదివారాలు మినహా, రోజూ చచ్చాను. ఆయన కొట్టిన ప్రతిసారీ తెర ఎర్రబడేది, నేను మళ్లీ కోట గుమ్మం ముందు నిలబడేవాణ్ణి.

చచ్చి చచ్చి కొన్ని కిటుకులు పట్టాను. వాటిని రాసుకుని ఎదురుగా అంటించుకోవాలనిపించింది. మా కొట్టులో కొత్త ఫైలు తెరవడం అనే అలవాటే లేదు. పాత పెళ్లి ఫైలు తెరిచి పేర్లు మారిస్తే కొత్త పెళ్లి అయిపోయేది. అదే పద్ధతిలో నేను కిందటేడు చర్చివారికి వేసిన ఉపవాస ప్రార్థనల కరపత్రం తెరిచాను. అందులో 'శత్రువును జయించుటకు ఏడు మెట్లు' అని శీర్షిక తయారుగా ఉంది. మెట్లు చెరిపి, నా కిటుకులు ఎక్కించాను. వేళ్లకి ఆ భాషే అలవాటు కాబట్టి అవి కూడా అలాగే వచ్చాయి. తొందరపడి ఎదురు వెళ్లకుము. వాడు కుడిచేయి ఎత్తగానే ఎడమకు దొర్లుము. అగ్ని కక్కునప్పుడు స్తంభము చాటున నిలిచియుండుము. వాడు అలసి తల వంచినప్పుడు కొట్టుము, రెండు దెబ్బలకు మించి ఆశపడకుము. ప్రాణము సగము పోకమునుపే మందు సీసా త్రాగుము. వాడు సగము చచ్చి రెట్టింపు కోపముతో లేచును, అప్పుడు పారిపోకుము. ఏడో అంకె వేసి ఖాళీ వదిలాను. గెలిచాక రాద్దామనుకున్నాను. ఒక కాగితం ప్రింటు తీసుకున్నాను, చేతి అలవాటుగా ఆ పాత ఫైలు మీదే సేవ్ కూడా చేశాను.

నెల తిరక్కుండా చర్చివారి ఆర్డరు వచ్చింది. కిందటేటిదే, తేదీలు మార్చండి చాలన్నారు. మార్చాను. ప్రూఫు చూడ్డానికొచ్చిన సంఘ పెద్దగారు కూడా తేదీలే చూశారు. పసుపు కాగితాల మీద అచ్చయి, ఊరంతా పంచేశారు. నాలుగు శుక్రవారాల ప్రార్థనలు మొదలయ్యాయి. పెద్దాయనగారితో తీరిక లేక నాకేమీ తెలీలేదు.

మూడో శుక్రవారం మర్నాడు మా ఓనరుగారు పసుపు కాగితం చేత్తో పట్టుకుని వచ్చారు. కోపం పెరిగేకొద్దీ మర్యాద పెంచే మనిషి ఆయన. "ఏవండీ, ఒక్కసారి ఇలా దయచేస్తారాండీ?" అన్నారు. నా పని అయిపోయిందనుకున్నాను. కాగితం మీద అచ్చయినవి నా కిటుకులే అని చూశాక, ఇంతకంటే బాగా అయిపోవడం కుదరదనిపించింది.

విషయం ఏమిటంటే, చర్చిలో పాత పాస్టరు అయ్యగారు కామవరపుకోటకి బదిలీ అయిపోయారు. ముదినేపల్లి నుంచి కొత్తగా వచ్చిన అయ్యగారు ఇవి పాత అయ్యగారి మెట్లే అనుకుని, వారానికి రెండేసి చొప్పున ప్రసంగం చేస్తున్నారు. స్తంభం చాటున అన్నచోట జనం కళ్లనీళ్లు పెట్టుకున్నారట. మందు సీసా అంటే ప్రార్థన అని తేల్చారట. వచ్చే శుక్రవారం ఏడోది. అది అచ్చులో ఎగిరిపోయింది కాబట్టి, కంప్యూటర్లోంచి తీసి నేనే స్వయంగా తెచ్చి చదవాలని అయ్యగారి కోరిక. కంప్యూటర్లో ఏముంది, నా మొహం! పాత ఏడోదాన్ని నా చేతుల్తోనే చెరిపేశాను. నోరు విప్పి చెబితే ఐసు దిమ్మలు, విప్పకపోతే శుక్రవారం.

నాకొక్కటే దారి కనిపించింది. పెద్దాయనగారిని చంపితే ఏడోది ఏమిటో దానంతటదే తెలుస్తుందని మూర్ఖంగా నమ్మాను. ఆ వారం అన్నం మానేసి ఆడాను (నాదీ ఉపవాసమే). గురువారం రెండున్నరకి ఆయనకి ఒక్క దెబ్బ మిగిలింది. తల ఇంకా వంచే ఉన్నారు. అప్పటికే రెండు దెబ్బలు వేశాను. మూడోదానికి ఆశపడ్డాను. నేనే అచ్చు వేయించిన నాలుగో మెట్టు నేనే మర్చిపోయాను. తెర ఎర్రబడింది. మళ్లీ మొదలుపెడదామంటే కరెంటు పోయింది. చీకటి తెరలో నా మొహం చూసుకుంటూ కాసేపు ఏడ్చాను. సిగ్గెందుకు, బాగానే ఏడ్చాను.

శుక్రవారం అయ్యగారు నన్ను ముందుకి పిలిచారు. నా చేతిలో ఏమీ రాయని తెల్లకాగితం. ఎదురు వరసలో ఒక మామ్మగారు కూర్చుని ఉన్నారు. కొల్లేటి లంకలో వాళ్ల చేపల చెరువు గట్లు ప్రభుత్వంవారు తెగ్గొట్టేశాక ఏలూరొచ్చి, మా కొట్టు వెనక వీధిలో ఇళ్లల్లో అంట్లు తోముకుంటున్న మనిషి. పసుపు కాగితం మడతలు చిరిగిపోతే అన్నం మెతుకులతో అతికించుకున్నారు. చదువు రాకపోయినా కాగితాన్ని నావైపు తిప్పి, ఖాళీగా ఉన్న ఏడో అంకె మీద వేలు పెట్టి చూపించారు. అబద్ధం చెప్పాలనే వెళ్లాను. ఆ వేలు చూశాక నాకు తెలిసింది తప్ప వేరే ఏమీ నోటికి రాలేదు.

"పడిపోయినవాడు... మళ్లీ ఒకటో మెట్టు దగ్గర మొదలుపెట్టవలెను అండి," అన్నాను.

అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. మామ్మగారు కాగితం మడుచుకుంటూ మెల్లిగానే అన్నారు.

"అది మాకు తెలిసిందే కదా బాబూ. గెలిచేది చెబుతావనుకున్నాను."

తల వంచుకుని వచ్చేశాను. వెనకాల అయ్యగారు ఆ ముక్క మీదే గంటసేపు ప్రసంగించారని, చాలా బాగుందని మా ఓనరుగారు సాయంత్రం చెప్పారు. "ఒరేయ్, ముందెళ్లి అన్నం తిను," అన్నారు. అండీలన్నీ ఎగిరిపోయాయంటే ఉద్యోగం ఉన్నట్టే. ఆ కంప్యూటరు తర్వాత ఫార్మాటు చేశారు, పెద్దాయనగారు నా చేతిలో చావకుండానే పోయారు. టీచరు పరీక్ష మాత్రం నాలుగోసారికి గట్టెక్కాను.

మొన్న ఏదో పనిమీద ఏలూరు వెళితే స్టేషను బయట ఒకావిడ నా చేతిలో పసుపు కాగితం పెట్టింది. తేదీలు మారాయి, మిగతాదంతా అప్పటిదే. ఆరు మెట్లూ నావే. ఏడోది కూడా ఎవరో ఎక్కించారు, ఆ రోజు నేనన్న మాటలే. ఎందుకో నవ్వొచ్చింది. మామ్మగారు అడిగిన ఆ గెలిచే మెట్టుకి ఎక్కడైనా జాగా కనిపిస్తుందేమోనని కాగితం తిప్పి చూశాను. వెనకవైపు తెల్లగా ఉంది. మడిచి జేబులో పెట్టుకున్నాను.