మాల తీసేస్తే నన్ను ఏమని పిలుస్తారు?

నేను ఐదో తరగతి దాకా చదివాను. ఐదు పాసయ్యానో లేదో గట్టిగా చెప్పలేను, పరీక్షలప్పుడు నాకు అమ్మవారు పోసింది. అందుకే ఇది ఒక్కో మాటా కూడబలుక్కుని రాస్తున్నాను. చొక్కా మడత ఎక్కడ పెట్టాలో తెలుసు గానీ మాట ఎక్కడ ఆపాలో నాకు తెలియదు. ఎక్కువైతే ఏమనుకోకండి.

అమీర్‌పేటలో హాస్టళ్లు ఎక్కువగా ఉండే ఒక సందులో, పాత అపార్ట్‌మెంట్ మెట్ల కింద నా ఇస్త్రీ బల్ల. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉన్నాను. నా భార్య ఉన్నప్పుడు ఇళ్లకు పోయి బట్టలు తెచ్చేది, మళ్లీ ఇచ్చొచ్చేది, ఏ చొక్కా ఎవరిదో గుర్తుపెట్టుకునేది. మాట్లాడే పని మొత్తం ఆమెదే. నేను తలవంచుకుని ఇస్త్రీ పెట్టె తోసేవాణ్ణి. ఆమె పోయి రెండేళ్లు దాటింది. మాకు పిల్లలు లేరు. ఆమె పోయాక తెలిసింది, ఈ సందులో అందరికీ తెలిసిన మనిషి ఆమె, నేను కాదు.

జనం లేక కాదు. మా సందులో మనిషికి మనిషి తగలకుండా నడవలేరు. కానీ అందరి చెవుల్లో వైర్లు ఉంటాయి. మూట బల్ల మీద పెట్టి, ఫోన్లో మాట్లాడుకుంటూ, నాకు వేళ్లతో సైగ చేసి పోతారు. డబ్బులు స్కానర్‌కు పంపిస్తే, అందాయని చెప్పే చిన్న డబ్బా ఒకటి బల్ల మీద ఉంటుంది. ఆడగొంతు. రోజు మొత్తంలో నాతో ఎక్కువ మాట్లాడేది ఆ డబ్బానే. ఒకరోజు దానికి "సరే అమ్మా, మంచిది" అని జవాబు చెప్పాను. చెప్పి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను. ఎవరూ వినలేదు. ఇలాగే పోతే నన్ను ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి తీసుకుపోతారు అనుకున్నాను. తీసుకుపోవడానికి కూడా ఒక మనిషి ఉండాలి కదా అని తోచి, ఒక్కణ్ణే నవ్వాను. ఆ నవ్వుకి నాకే భయం వేసింది.

అప్పుడే కార్తీక మాసం మొదలైంది. నాది బొగ్గుల పెట్టె. మసి కనబడకుండా నల్ల చొక్కా, నల్ల లుంగీ కట్టుకుంటాను. గడ్డం గీసుకుని నెల దాటింది, ఎవరు చూస్తారని? చెప్పు తెగితే కుట్టించడానికి బద్ధకం వేసి ఉత్త కాళ్లతోనే తిరుగుతున్నాను. అలా మధ్యాహ్నం పూట టీ బండి దగ్గర నిలబడి ఉంటే ఒక ఆటో వచ్చి ఆగింది. నడిపే మనిషి నల్ల బట్టల్లో ఉన్నాడు, మెడలో అయ్యప్ప మాల, నుదుటి నిండా విభూతి.

"స్వామి శరణం! ఏంది స్వామీ, గీడ నిలబడ్డవ్? భిక్షకు టైమైతుంది. ఎక్కు, ఎక్కు!"

వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ ఉంది. పిలిచింది నన్నే. నేను అనాల్సిన మాట 'నేను స్వామిని కాదు' అని. నోట్లోంచి వచ్చిన మాట మాత్రం "వస్తున్న" అని.

ఎక్కి కూర్చున్నాను. పెళ్లికొడుకులా ఉంది నా పని.

ఒక బిల్డింగ్ పైన రేకుల షెడ్డు వేసి సన్నిధానం పెట్టారు. దీక్షలో ఉన్న స్వాములు రోజూ అక్కడ పూజ చేసి, మధ్యాహ్నం భిక్ష చేస్తారు. భిక్ష అంటే భోజనమే. వరసగా నలభై విస్తర్లు వేశారు. ఒకదాని ముందు నన్ను కూర్చోబెట్టారు. "స్వామీ, పప్పు?" "స్వామీ, ఇంకొంచెం పులిహోర?" "స్వామీ, మొహమాటపడకండి!" వడ్డించే ప్రతి మనిషీ నా మొహంలోకి చూసి అడుగుతున్నాడు. ముగ్గురి అన్నం తిన్నాను. ఆకలితో కాదు, వాళ్లు మళ్లీ అడగాలని.

మా సందు చివర కర్రీ పాయింట్ నడిపే ఆమె ఆ రోజు భిక్ష పెడుతోంది. చేతిలో గరిటెతో నా ముందు ఆగింది.

"స్వామీ, మాల ఏది? మెడల కనిపిస్తలేదు."

గుండీలు మెడదాకా పెట్టుకుని ఉన్నాను. ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"లోపలున్నదక్కా."

"అక్కా?" ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "స్వాములు ఆడోళ్లను మాతా అంటరు. నువ్వు అక్కా అన్నవ్. దొరికినవ్! ఏయ్, నువ్వు మెట్ల కింద ఇస్త్రీ చేసేటోనివి కదా!"

నలభై తలలు నా వైపు తిరిగాయి. నన్ను తీసుకొచ్చిన ఆటో స్వామి నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో, నేను ఎవర్నో పట్టుకొచ్చిన!" నేను లేవబోయాను. అప్పుడు ఆ చివరి నుంచి ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. ఆయనే గురుస్వామి, అందరికీ మాల వేసే మనిషి. గుంటూరు వైపు నుంచి వచ్చి అమీర్‌పేటలో జిరాక్స్ షాపు పెట్టుకున్నాడు.

"కూర్చోండి, కూర్చోండి. విస్తరి ముందు నుంచి లేవకూడదు. తినండి ముందు." నేను తినేదాకా ఆగి అడిగాడు, "స్వామిని కాదని ఆటో ఎక్కేముందే చెప్పచ్చుగా, ఎందుకు చెప్పలేదండీ?"

"నన్ను ఎవరూ పిలువక శాన రోజులైంది సార్. పిలిచేసరికి వచ్చేసిన."

కర్రీ పాయింట్ ఆమె నడుం మీంచి చెయ్యి తీసింది. తర్వాత ఆటో స్వామి, "గంతేనా? గట్లయితే రేపు సుత పిలుస్తం!" అన్నాడు. గురుస్వామి నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "నల్ల బట్టలున్నాయి. గడ్డముంది. చెప్పులు ఎలాగూ లేవు. ఇంక మాల ఒక్కటే తక్కువ," అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఈసారి ఒక్కణ్ణే కాదు.

మర్నాడు పొద్దున ఆయనే నాకు మాల వేశాడు. మొదటిసారి వేసుకున్నవాణ్ణి కన్నెస్వామి అంటారు. యాభై ఎనిమిదేళ్ల కన్నెస్వామిని చూసి అందరికీ సరదా. తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుని నేను వేసిన కేకకు పై అంతస్తు వాళ్లు తలుపు తీసి చూశారు. బయటికొస్తే బస్సు కండక్టరు "స్వామీ, లోపలికి జరగండి" అంటాడు. పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు "స్వామీ, జర పక్కకు" అంటాడు. అదే పోలీసు ఇంతకుముందు నన్ను "ఓయ్" అనేవాడు. కోచింగ్‌కు పోయే పిల్లలు వంగి నా కాళ్లకు మొక్కుతున్నారు. మొదటిసారి ఒకడు వంగినప్పుడు, కింద ఏదో పడిందనుకుని నేనూ వంగాను. ఇద్దరి తలలూ ఠంగుమన్నాయి.

శరణుఘోష సంగతి చెప్పాలి. పూజలో ఒకరు "స్వామియే" అని పిలవాలి, మిగతావాళ్లు "శరణమయ్యప్ప" అని అందుకోవాలి. మూడో రోజు గురుస్వామి నన్ను పిలవమన్నాడు. మొదట గొంతు కీచుమంది. వాడక తుప్పు పట్టినట్టుంది. దగ్గి, కళ్లు మూసుకుని "స్వామియే" అన్నాను. నలభై గొంతులు ఒక్కసారిగా జవాబు చెప్పాయి. రేకులు అదిరాయి. నాకు ఒళ్లు జలదరించింది. నేను ఒక మాటంటే నలభై మంది జవాబు చెప్పారు! మళ్లీ అన్నాను. మళ్లీ చెప్పారు. ఇక ఆగితే కదా. ఆటో స్వామి పక్క నుంచి గుంజాడు, "స్వామీ, జర ఊపిరి తీస్కో. మమ్మల్ని సుత తీస్కోనియ్యి." తర్వాత ఆయన ఆటోలో పోతూ, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడితే తల బయటికి పెట్టి అరిచేవాణ్ణి. పక్క బస్సులోంచి, వెనక బైకు మీంచి, ఎవరెవరో ఎరగని మనుషులు జవాబు చెప్పేవాళ్లు. ఆటో స్వామి సిగ్గుతో తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు.

భక్తి ఉందా అంటే, నిజం చెప్తాను. నా భార్య పోయినప్పటి నుంచి నాకు దేవుడి మీద కోపం. మొదటి పది రోజులు దీపం ముందు కూర్చున్నాను గానీ ఆయనతో ఏమీ అనలేదు. పదకొండో రోజు పొద్దున్నే, ఎవరూ రాకముందు, మా ఆమె సంగతి చెప్పాను. ఆసుపత్రి సంగతి కాదు. ఆమె అందరి చొక్కాల జేబుల్లో దొరికిన చిల్లర, బస్సు టికెట్లు అన్నీ ఎట్లా దాచిపెట్టి ఎవరివి వాళ్లకిచ్చేదో, అది. ఆయన విన్నాడనే అనుకుంటున్నాను. బయటికొచ్చేసరికి తేలికగా ఉంది.

అన్నీ బాగానే ఉన్నాయి. కానీ రోజులు తగ్గుతున్నాయి. దీక్ష నలభై ఒక్క రోజులే. కొండకు పోయి రాగానే మాల తీసేస్తారు. మాల తీస్తే నేను మళ్లీ మెట్ల కింద మనిషిని. వీళ్లలో ఎవరికీ నా పేరు తెలియదు, నాకు వాళ్ల పేర్లు తెలియవు. అందరం స్వాములమే. ఆ ఒక్క పిలుపు పోతే మా మధ్య ఏం మిగులుతుంది? కొండ సంగతి నేను రాయను, పోయొచ్చినవాళ్లు మీకు చెప్పే ఉంటారు. అందరూ ఎప్పుడు పైకి చేరదామా అని ఎక్కుతుంటే నేను మాత్రం మెల్లగా ఎక్కానన్నది ఒక్కటే చెప్తాను. ఆటో స్వామి నాకు కాళ్ల నొప్పులనుకుని నా కాళ్లు పిసికాడు. నేను వద్దనలేదు.

తిరిగొచ్చిన సాయంత్రం సన్నిధానంలో గురుస్వామి అందరి మాలలూ తీశాడు. నా వంతు వచ్చేసరికి "బల్ల మీద మూటలు పేరుకున్నయి, రేపు తీపించుకుంట" అని మెట్లు దిగేశాను. రేపు పోలేదు. ఎల్లుండీ పోలేదు. ఆరు రోజులు గడిచాయి. ఊళ్లో అందరూ గడ్డాలు తీసి, రంగు చొక్కాలు వేసుకుని తిరుగుతుంటే నేనొక్కణ్ణే నల్లగా మిగిలాను.

ఆరో రోజు సాయంత్రం ఆమ్లెట్ బండి దగ్గర జీన్స్ ప్యాంటు, ఎర్ర టీషర్టు వేసుకుని ఒక మనిషి తింటున్నాడు. గడ్డం లేకపోయేసరికి గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. మా ఆటో స్వామి! ఆయన నన్ను చూశాడు. నోటి నిండా ఆమ్లెట్. ప్లేటు వెనక దాచుకున్నాడు.

"స్వా... శర..." గుటక వేశాడు. "స్వామీ! ఇంక తియ్యలేదా? ఎన్ని రోజులైందే?"

"మంచిగనే ఉన్నది కదా, ఉండనీ అనుకున్న."

"మంచిగుండుడేంది? అంగడి ఎత్తేసినంక ఒక్కనివే తక్కెడ పట్టుకుని కూసున్నట్టుంది నీ కథ! నడువ్." ప్లేటు అక్కడే పెట్టి, చెయ్యి కడుక్కుని, నన్ను తాకకుండా చొక్కా కొస పట్టుకుని జిరాక్స్ షాపుకు లాక్కుపోయాడు.

గురుస్వామి గళ్ల చొక్కా వేసుకుని ఎవరివో సర్టిఫికెట్లు జిరాక్స్ తీస్తున్నాడు. నన్ను చూసి మిషను ఆపాడు. "ఏంటి స్వామీ, ఏమైందండీ? మొక్కేమైనా ఉందా?"

నేను నేల చూశాను. "మొక్కు లేదు గురుస్వామీ. ఇది తీస్తే నన్ను ఏమని పిలుస్తరు మీరు?"

ఆటో ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. గురుస్వామి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు. "రేపు పొద్దున ఆరింటికి పైకి రండి," అన్నాడు. "ఆలస్యం చేస్తే నేనే మెట్ల కిందకొచ్చి తీస్తాను."

ఆ రాత్రి భయంతోనే పడుకున్నాను. పొద్దున పైకి పోతే, నాకొక్కడికే కదా, గురుస్వామి ఒక్కడే ఉంటాడనుకున్నాను గానీ, పదిహేను మంది ఉన్నారు. రంగు చొక్కాల్లో, నున్నగా గీసిన గడ్డాలతో, నిద్ర మొహాలతో. కర్రీ పాయింట్ ఆమె డబ్బా నిండా ఉప్మా తెచ్చింది. గురుస్వామి కొబ్బరికాయ కొట్టి, మంత్రం చెప్పి, నా మెడలోంచి మాల తీశాడు. మెడ బోసిగా, చల్లగా అనిపించింది. కళ్లు తెరవడానికి ధైర్యం చాల్లేదు.

"ఆ, ఇంక మొదలుపెట్టండి," అన్నాడు గురుస్వామి. "ఈయన్ని ఏమని పిలుద్దాం? నేనైతే బాబాయ్ గారూ అంటాను."

"బాబాయ్ గారా? పెళ్లి పత్రిక ఇయ్యనీకి వచ్చినట్టుంటది," అన్నాడు ఆటో ఆయన. "కాక అంటం. కాకా, చాయ్ తాగుదాం దా! గిట్ల మంచిగుంటది."

"నాకు అన్న," అంది కర్రీ పాయింట్ ఆమె. "నాకంటే పదేండ్లు పెద్దగున్నడు, అన్ననే అయితడు. నడిమిట్ల మీ కాక ఏంది, బాబాయ్ ఏంది?"

"అరే, మేం నలభై రోజులు ఒక్క వరసల కూసొని తిన్నం!"

"తింటే? మొదటి అన్నం పెట్టింది నేను!"

నా గురించి పోట్లాట! పొద్దున్నే, ఆరున్నరకి, ఉప్మా చల్లారిపోతుంటే, పదిహేను మంది నా గురించి కొట్లాడుకుంటున్నారు. ఒకాయన మామ అన్నాడు, ఇంకొకాయన పెద్దన్న అన్నాడు. తేలలేదు. "ఎవరికేది వస్తే గది పిలువుండ్రి. అన్నిటికీ పలుకుతా," అన్నాను. నా గొంతే కొంచెం గట్టిగా వచ్చింది, ఏడుపు ఆపుకోవడానికి.

అన్నిటికీ పలకడం అనుకున్నంత తేలిక కాదు. ఇప్పుడు మెట్ల కింద ఒక కుర్చీ వేశాను, అది ఖాళీగా ఉండదు. ఆటో ఆయన సవారీ లేనప్పుడల్లా వచ్చి కూర్చుంటాడు. కర్రీ పాయింట్ ఆమె సాంబారు రుచి చూడమని గిన్నె తెస్తుంది. గురుస్వామి కరెంటు పోతే చాలు, జిరాక్స్ షాపు మూసి నా దగ్గరే ఉంటాడు. మొన్న ముగ్గురూ ఒకేసారి వచ్చారు. మాటల్లో పడి పెట్టె ఎత్తడం మరిచిపోయాను. తెల్ల చొక్కా వీపు మీద గోధుమరంగు మచ్చ పడింది.

ఆ చొక్కా మూడో అంతస్తు సారుది. అయిదేళ్లుగా మూట పెట్టి పోవడమే తప్ప నాతో ఒక్క మాట అన్న మనిషి కాదు. వచ్చి చొక్కా మడత విప్పి చూసుకున్నాడు.

"ఏంటండీ ఇది? రేపు మీటింగుకి వేసుకెళ్లాలి! ధ్యాస ఎక్కడ పెట్టి చేస్తున్నారు అసలు?"

"మాటల్ల పడ్డ సార్."

"ఎవరితో?"

నేను కుర్చీ వైపు, మెట్ల వైపు చూపించాను. ముగ్గురూ ఇబ్బందిగా లేచి నిలబడ్డారు. ఆయన వాళ్లను చూశాడు, నన్ను చూశాడు. చెవిలో వైర్లు తీసేసి మళ్లీ మొదటి నుంచి తిట్టాడు. చొక్కా గురించి, దాని బట్ట గురించి, అది కొనిచ్చిన వాళ్లావిడ గురించి, నేను ఇంకో చొక్కా కొనిచ్చినా ఆవిడ కనిపెడుతుందని. ఆయన కూతురు ఏ కాలేజీలో ఉందో కూడా ఆ తిట్లలోనే తెలిసింది. నేను తలూపుతూ మొత్తం విన్నాను, ఒక్క మాట కూడా పోనివ్వలేదు.

"సార్, జర కూసోండ్రి. చాయ్ చెప్పిన," అన్నాడు ఆటో ఆయన.

సారు కోపంగానే కూర్చున్నాడు. టీ వచ్చింది. ఒక గుక్క తాగి, పంచదార తక్కువైందని దానికీ నన్నే తిట్టాడు.