సిపాయి చేతిలో గిన్నె

ఆ రోజుల్లో తాండూరులో బోర్డులు రాయడం నేర్చిన ప్రతివాడికీ తాను గొప్ప చిత్రకారుడినని నమ్మకం. నాకు మరికాస్త ఎక్కువ. మా మేనమామ దగ్గర మూడేళ్లు కుంచె పట్టి, చాయ్ హోటళ్ల అద్దాల మీద అక్షరాలూ కెటిళ్లూ వేసేవాణ్ని. (కెటిల్ వేయడంలో నాకు ఎదురులేదని మామ కూడా ఒప్పుకునేవాడు; మనుషుల మొహాల ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు.) ఇంతలో రాళ్లవానకు వికారాబాద్‌లో ఒక చిన్న చర్చి కిటికీకి రంగుటద్దం ముక్క పగిలిందని కబురొచ్చింది. మామకు నడుము పట్టేసింది. "నువ్వే పోరా. పని ఖరాబ్ చేసినవంటే మల్ల కుంచె ముట్టనియ్య, బండల కార్ఖానకే తోలుత" అన్నాడు. కుంచె పట్టకముందు అక్కడ ఆరు నెలలు నాపరాళ్లు అరగదీశాను నేను. ఆ తెల్ల దుమ్ము తలచుకుంటే ఇప్పటికీ దగ్గొస్తుంది.

కిటికీలో ఒక దొర సిపాయి ఒంటినిండా ఇనుప బట్టలు తొడుక్కుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. వెనక తెల్ల గుర్రం. చాచిన చేతుల్లో మాత్రం పెద్ద కంత. గుంటూరు వైపు నుంచి వచ్చిన పాస్టరుగారు కథ చెప్పారు: "వెనకటి కాలం వీరుడు బాబూ. పవిత్రమైన గిన్నె కోసం దేశాలన్నీ తిరిగి, చివరికి దాన్ని కళ్లారా చూశాడు. ఆ గిన్నె వెయ్యాలి."

"ఖాళీదా, నిండుగనా అయ్యగారూ?"

"నిండుగానే. పైకి వెలుగు లేస్తున్నట్టు ఉండాలి."

ఇంత తేలికైన పనా అనుకున్నాను. ఆయన ప్రార్థనలకని ధారూర్ వెళ్లి శనివారం చీకటిపడ్డాక తిరిగొచ్చేసరికి, అద్దం కోసి, రంగు వేసి, బిగించేశాను. ఆదివారం ఉదయం ఎండ పడగానే కిటికీ వెలిగింది. సిపాయి చేతుల్లో అన్నం వండే గుండ్రటి ఇత్తడి గిన్నె, దాని మీద కాస్త పక్కకు జరిగిన మూత, ఆ సందులోంచి పొగలు. (వెలుగంటే నాకు తోచింది అదే. అలవాటైన కెటిల్ పొగనే వేశాను.)

"ఇదేంటి బాబూ, అన్నం గిన్నె వేశావు!" అన్నారు పాస్టరుగారు. ద్రాక్షరసం పోసి ప్రభువు బల్ల దగ్గర ఎత్తే పాత్రను ఆయన గిన్నె అంటారని నాకేం తెలుసు? ఆ సంగతి అప్పుడే ఎవరో నా చెవిలో చెప్పారు. నా కళ్ల ముందు కార్ఖానా గేటు తెరుచుకుంది. అప్పుడు ముందు వరుసలోంచి, దవాఖానాలో వంట చేసే ముసలమ్మ గట్టిగానే అంది: "పాపం, దేశాలన్ని తిరిగినోనికి ఆకలైతది గద! గిప్పుడు దొరికింది బువ్వ." చర్చి అంతా నవ్వింది. పాస్టరుగారు కిటికీ వంక మరోసారి చూసి, "ఉండనీయండి" అన్నారు.

తాండూరులో మామ అడిగాడు: "ఖరాబ్ చెయ్యలే గద?"

"లేదు మామా. చూస్తుంటే ఆకలైందన్నరు." మర్నాడు కుంచె నా చేతికే ఇచ్చాడు.

చాలా ఏళ్లకు, మామ పోయాక, ఒకసారి రైలు దిగి ఆ చర్చికి వెళ్లాను. రంగు కొంచెం వెలిసింది కానీ గిన్నె అక్కడే ఉంది. కావాలంటే మార్చి అసలైన పాత్ర వేయమన్నారు కొత్త పాస్టరుగారు. ఇప్పుడైతే వేయగలను, మొహాలు కూడా వచ్చు. అయినా వద్దన్నాను. నమ్మకం తప్ప చేతిలో ఏమీ లేకుండా ఆ గిన్నె వేసిన ఇరవయ్యేళ్ల కుర్రాడి మీద ప్రేమ పొంగుకొచ్చింది. మూత మాత్రం వంకరగా వేశాడు వెధవ.