పిల్లుల కార్డులు, వాగ్దానాల పళ్ళెం

"ఆ పెట్టె తీసుకెళ్ళి బయట పెట్టు. సోది చెప్పే సామాను నా ఇంట్లో ఉండడానికి వీల్లేదు."

"సోది కాదు మామ్మా, టారో కార్డులు. నువ్వు మాత్రం కొత్త సంవత్సరానికి చర్చిలో కళ్ళు మూసుకుని కార్డు తియ్యవా?"

"అది వాగ్దానం."

"ఇదీ కార్డే."

"దేవుడి మాటకీ పిల్లి బొమ్మకీ పోలిక తెస్తున్నావా? ముందు ఎంత పెట్టి కొన్నావో చెప్పు."

నా మనవరాలు పెట్టె మీద అచ్చువేసిన ధరను బొటనవేలితో మూసేసింది.

మాది సామర్లకోట. ఈ పిల్ల బి.ఎడ్. పూర్తిచేసి వరండాలో ట్యూషన్లు చెప్పుకుంటోంది. మర్నాడు రాజమండ్రిలో ఒక బడిలో డెమో క్లాసు ఉంది. పిల్లల ముందు పాఠం చెప్పి చూపించాలి, నచ్చితే ఉద్యోగం ఇస్తారు. అలాంటి పిలుపు రావడం అదే మొదలు. పొద్దున్నే చీర ఇస్త్రీ చేసుకుని బ్యాగు సర్దుకుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే బ్యాగు ఖాళీగా ఉంది, చీర మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోయింది. ఎందుకే అని అడిగితే ఒక కార్డు తెచ్చి చూపించింది. మండుతున్న బురుజు మీంచి రెండు పిల్లులు తలకిందులుగా పడిపోతున్నాయి. "ప్రార్థన చేసుకునే తీశాను. వెళ్ళొద్దని వచ్చింది మామ్మా," అంది. గొడవ అక్కడ మొదలైంది.

"కాస్త మెల్లగా అండి అత్తయ్యగారూ, పక్కింటివాళ్ళు వింటున్నారు," అంది నా కోడలు, వంటింటి గుమ్మంలోంచి.

"విననీ. డబ్బు పోసి డెబ్భై ఎనిమిది కార్డుల పిల్లుల్ని కొన్నామని తెలియనీ. మన పెరట్లోకి ఊరికే వస్తున్నాయి కదా, అవి చాల్లేదేమో."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి తప్పుకుంది.

నేను చదివింది మూడో తరగతి. బైబిలు వాక్యం చదవాలన్నా వేలు పెట్టి కూడబలుక్కోవాల్సిందే. కానీ కొన్న వస్తువు విషయంలో నాకొక పట్టుదల ఉంది. వాపసు తీసుకుంటే ఇచ్చెయ్యాలి, తీసుకోకపోతే చివరిదాకా వాడాలి. అరిగిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అంటించే చెయ్యి నాది. వీటిని వాపసు తీసుకోరట. కార్డుల కింద ఒక పుస్తకం కనిపించింది. దాని మీది ప్లాస్టిక్ కాగితం ఇంకా చింపలేదు.

"ఇది చదివావా?"

"లేదు. బొమ్మ చూస్తే తెలుస్తోందిగా."

"పుస్తకానికీ డబ్బు ఇచ్చావు. కూర్చో. మొదటి పేజీ నుంచి నాకు తెలుగులో చెప్పు."

మూతి ముడుచుకునే చాప వేసింది. మొదటి కార్డులో ఒక పిల్లి మూట భుజాన వేసుకుని, సీతాకోకచిలుకను చూస్తూ కొండ అంచున నడుస్తోంది.

"పడిపోతుందని దానికి తెలీదా?"

"తెలీదు మామ్మా. ఇప్పుడే బయల్దేరింది. అందుకే దీని అంకె సున్నా."

తర్వాత రాణిగారు వచ్చింది. సింహాసనం మీద ఒక కాలు పైకెత్తి ఒళ్ళు నాక్కుంటోంది.

"దీన్ని రాణి అన్నారా?"

"తన సంగతి తను చూసుకునే మనిషి అని రాశారు."

"చూసుకుంటోందిలే."

పిల్లకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వుతోనే మాట వేగం అందుకుంది. ఎముకల పిల్లి గుర్రమెక్కి వస్తే, అది చావు కాదనీ ఒక పని ముగియడమనీ చెప్పింది. ఒంటికాలితో కొమ్మకు వేలాడుతూ హాయిగా ఉన్న పిల్లి నాకు అర్థం కాలేదు. తలకిందులుగా చూస్తే లోకం వేరేగా కనిపిస్తుందట. ఎలా కనిపిస్తుందే అన్నాను. లేచి వెళ్ళి గోడకున్న క్యాలెండరు తీసి, తిరగేసి నా ముందు పట్టుకుంది. "ఇప్పుడు తేదీలు చదవగలవా? వట్టి గీతలు, సున్నలే కనిపిస్తున్నాయి కదా?" నిజమే, అలాగే కనిపించాయి.

బురుజు కార్డు వచ్చేసరికి పిల్ల గొంతు తగ్గింది. తప్పుగా కట్టింది కూలుతుంది, కూలిన చోట నేల ఖాళీ అవుతుంది అని ఉంది పుస్తకంలో. ఒక్క కార్డు తీసి ఏదీ తేల్చెయ్యొద్దు, మూడు పక్కపక్కన పరిచి చూడాలి అని కూడా ఉంది.

"మరి నువ్వు ఒకటే ఎందుకు తీశావు?"

"ఒకటే తియ్యాలి కదా. వచ్చింది మార్చుకోకూడదు కదా."

ఆ మాటలు నావే. పాత సంవత్సరం ఆఖరి ఆరాధన అయ్యాక మా చర్చిలో బైబిలు వాక్యాలున్న కార్డులు వేసి వాగ్దానాల పళ్ళెం తిప్పుతారు. కళ్ళు మూసుకుని ఒక్కటి తీసుకోవాలి, అది ఏడాదంతా మనది. చిన్నప్పుడు ఈ పిల్ల గులాబీ బొమ్మ ఉన్న కార్డు కావాలని ఏడ్చినా నేను మార్చనివ్వలేదు. ఇప్పుడు మా పళ్ళెం పద్ధతిలో పిల్లుల కార్డు తీసి కూర్చుంది.

"పళ్ళెంలో నిన్ను బెదిరించే కార్డు ఎప్పుడైనా వచ్చిందా?"

"రాలేదు."

"ఎలా వస్తుంది? స్త్రీల సమాజంలో వాటిని కత్తిరించేది మేమే. ప్రవక్తల తిట్లు పక్కన పెట్టి ఓదార్పు మాటలు వేస్తాం."

"అయితే అది దేవుడు ఇచ్చేది కాదా?"

"వాక్యం దేవుడిది. కత్తెర మాది. ఈ పిల్లుల్ని గీసినాయన బురుజు కూడా గీసి పెట్టెలో వేశాడు. ఆయనకు నీ డెమో సంగతి తెలుసా? నిజం పిల్లి ఎదురొచ్చినా ఆగని ఇల్లు ఇది. కాగితం పిల్లికి రైలు మానేస్తావా?"

పిల్ల కార్డుల అంచులు సరిచేస్తూ కూర్చుంది. "పిల్లి కాదు మామ్మా. ట్రైనింగులో ఒకసారి క్లాసు మధ్యలో నోరు పెగల్లేదు. అందరూ చూశారు. రేపూ అలాగే అయితే?"

అసలు సంగతి అదన్నమాట.

"భోజనాలయ్యాక కూర్చున్నాం. వీధి దీపాలు వెలిగాయి. ఇంగ్లీషు పుస్తకాన్ని మూడో తరగతి మనిషికి తెలుగులో చెప్పావు. కునుకు మానుకుని విన్నాను. అర్థం కాలేదంటే క్యాలెండరు తిరగేశావు. ఎక్కడైనా నోరు ఆగిందా?"

"నీ ముందు కదా."

"నాకంటే ఎక్కువ అడ్డు ప్రశ్నలు వేసే పిల్లలు ఆ బడిలో ఉంటారా?"

"ఉండరండి," అంది కోడలు వంటింట్లోంచి.

పిల్ల పుస్తకం చేతిలో తిప్పి చూసుకుంది. సగం దాటేశాం. "పోనీ ఇంకో రెండు తియ్యనా?"

"తియ్యకు. మంచివి వస్తే పిల్లుల వల్ల వెళ్ళానంటావు. నీ చదువు వల్ల వెళ్ళు."

లేచి వెళ్ళి బీరువా తెరిచింది. హ్యాంగరు చప్పుడు విని నేను కాళ్ళు చాపుకున్నాను. గొంతు పెద్దది కాబట్టి ఈ ఇంట్లో చాలా వాదనలు గెలిచాను. ఇది మాత్రం వింటూ కూర్చుని గెలిచాను. ఆ రుచి వేరు.

మర్నాడు పొద్దున్న మనవరాలు ఇడ్లీ తిని, ప్యాసింజరు ఎక్కి రాజమండ్రి వెళ్ళింది. నేను అన్నం వారుస్తుండగా ఫోను మోగితే కోడలు స్పీకరులో పెట్టింది. పాఠం పూర్తిగా చెప్పిందట. సోమవారం నుంచి రమ్మన్నారు.