బంద్ నాటి సర్వర్ పరీక్ష

తెలంగాణ ఉద్యమ రోజుల్లో ఒక బంద్ నాడు, జగిత్యాలలో మేమిద్దరం షట్టర్ దించుకుని లోపల పని చేస్తున్నాం. సిరిసిల్ల బట్టల దుకాణాల ఆర్డర్లు తీసుకునే ప్రోగ్రాం అది. దాన్ని సరిచూసే మా పరీక్ష కోడ్ తానే, ఆర్డర్లకు జవాబిచ్చే సర్వర్‌ను లేపి, దానికి ఒక ఆర్డర్ పంపి, జవాబు సరిచూసుకుని, మళ్లీ దాన్ని ఆపేయాలి. ప్రతిసారీ పాసే.

అంత సాఫీగా నడిచేదేదీ నేను నమ్మను. సర్వర్ తప్పు జవాబిచ్చేలా కావాలనే కోడ్ చెడగొట్టాను. అయినా పాసే!

ఆ పరీక్ష కోడ్ రాసింది నా పక్కనే కూర్చున్న, కోరుట్ల నుంచి వచ్చే తోటి ఉద్యోగి. "ఏది పంపినా పాసనేటట్టు రాసినవా ఏంది?" అని గద్దించాను.

"నేనెందుకు గట్ల రాస్త అన్నా? సర్వర్‌ను ఆపే లైన్ గూడ పెట్టిన, సూడు."

అంతలో ఎవరో షట్టర్‌ను దబదబా బాదారు. "లోపల ఎవలన్న ఉన్నరా?"

జవాబు రాకపోయేసరికి, మూసే ఉందని నమ్మి ఉద్యమకారులు వెళ్లిపోయారు.

అప్పుడు తట్టింది నాకు. సర్వర్‌ను ఆగమన్నాం సరే, ఆగిందో లేదో చూసిందెవరు? వెతికితే నిన్న లేపిన సర్వర్ ఇంకా నడుస్తూనే ఉంది. ఆర్డర్లు వచ్చే దారి, అదే పోర్టు, దాని చేతిలోనే ఉండి ఖాళీ లేక కొత్తది లేవగానే పడిపోతోంది. జవాబులన్నీ నేను చెడగొట్టకముందు లేచిన పాతదే ఇస్తోంది. దాన్ని ఆపి నడిపితే పరీక్ష, కావాల్సినట్టే, ఫెయిలైంది.

"సర్వర్ మీద అనుమానం తీరింది గదా. మరి నా మీద తీరిందా అన్నా?" అన్నాడతను.

నేను అతని కోడ్‌ను మొదటి లైన్ నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టాను.