ఆర్మూరు ఎండలో సుభద్ర టీచర్ వీణ

సుభద్ర టీచర్ దగ్గర నేను ఆరేళ్లుగా వీణ నేర్చుకుంటున్నాను. నలభై ఏళ్లుగా ఆమె పిల్లలకు నేర్పుతూనే ఉన్నారు గానీ, వేదిక మీద ఒంటరిగా కచేరీ చేయమని ఎవరూ పిలవలేదు. ఈ వేసవి శనివారాల్లో ఆర్మూరు చుట్టుపక్కల మూడు శాస్త్రీయ సంగీత కచేరీలు పెట్టారు. మొదటిది ఆమెదేనని తెలియగానే, కారులో నేనే తీసుకెళ్తానన్నాను.

ఉదయం ఏడింటికి సికింద్రాబాద్‌లో బయలుదేరి పదకొండుకు ఆర్మూరు పక్కనున్న పెర్కిట్ చేరాం. బస్సులో వచ్చేవారు నిర్మల్ బస్సెక్కి పెర్కిట్‌లో దిగితే, ఊళ్లోకి షేర్ ఆటో ఇరవై రూపాయలు. కచేరీ సాయంత్రం ఆరున్నరకు. ఈలోగా పసుపు మార్కెట్ చూద్దామన్నాను. టీచర్ వెనక సీట్లోని వీణ వైపు చూశారు. "నీడలోనే పెడతాను టీచర్" అని వేపచెట్టు కింద కారు ఆపాను. పసుపు కుప్పల మధ్య ఫొటోలు తీసుకుని, భోజనం చేసి వచ్చేసరికి రెండు దాటింది. చెట్టు నీడ పక్కకు జరిగిపోయి, కారంతా ఎండలో ఉంది.

వీణ తీగల కిందుండే ఇత్తడి మెట్లు నల్లటి మైనంలో కూర్చుని ఉంటాయి. టీచర్ ఒక మెట్టును బొటనవేలితో తాకగానే అది మెత్తగా లోపలికి దిగింది. పక్కది ఒరిగిపోయి ఉంది. ఆమె తీగలు వదులు చేయసాగారు. హైదరాబాద్‌లో మెట్లు కట్టే ఆయనకు ఫోన్ చేస్తే, "ఐసు పెట్టకండి, కర్ర పగులుతుంది. ఏదైనా చల్లటి గదిలో మెల్లగా గట్టిపడనివ్వండి" అన్నాడు.

పక్కనే చాయ్ తాగుతున్న రాజన్న అనే అతను ఇదంతా వింటున్నాడు. దగ్గర్లో పసుపు నిల్వచేసే కోల్డ్ స్టోరేజ్‌లో వాచ్‌మన్. "జర ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. మా తాన ముందు రూమున్నది, లోపల ఉన్నంత సలి ఉండది. తీస్కరాండ్రి" అన్నాడు.

ఆ ముందు గదిలో గోనె బస్తాల మధ్య దుప్పటి పరిచి వీణను పడుకోబెట్టాం. గంటకు పైగా ఎదురుచూశాం. మైనం పూర్తిగా బిగిసిపోకముందే మెట్లు సరిచేయాలి. నాలుగున్నరకు టీచర్ తీగ మీటి, ఒక్కో మెట్టును వెంట్రుకవాసి జరుపుతూ వినడం మొదలుపెట్టారు. కానీ గోడవతల మెషిన్ల హోరు. రెండుసార్లు చెవి ఆనించి విని, తల అడ్డంగా ఊపారు.

"గీ సప్పుడుతోని ఇనొస్తలేదా అమ్మా?" అన్నాడు రాజన్న.

"లేదు బాబూ. స్వరం తేలడం లేదు."

అతను తలుపు దాకా నడిచాడు. "అర్ధగంట బందు చేస్తే పసుపుకేం గాదు. సేటునడిగితే వద్దంటడు. నేనే చెప్పుకుంట తియ్యి" అని వెళ్లి మెషిన్లు ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో నేను గడియారం, అతను గేటు చూస్తూ నిలబడ్డాం. ఇరవై నాలుగు మెట్లలో ఇరవై ఒకటి కుదిరాయి. పైస్థాయిలో చివరి మూడు కుదరకముందే అర్ధగంట అయిపోయింది. "ఇక చాలు బాబూ, మెషిన్లు పెట్టేసుకో" అన్నారు టీచర్.

ఆరున్నరకు ఫంక్షన్ హాల్లో వందమంది దాకా ఉన్నారు. ఆమె చెయ్యి పైస్థాయి వైపు వెళ్లినప్పుడల్లా నేను ఆ చివరి మెట్లనే చూసేవాణ్ణి. ఆ మూడు మెట్ల దగ్గరికి రాగానే ఆమె కింది మెట్టు మీదే తీగను బలంగా లాగి పై స్వరాన్ని పలికించారు. గంటన్నర సేపు అలాగే లాగారు. దిగి వచ్చేసరికి ఎడమచేతి రెండు వేళ్లూ కోసుకుపోయి ఉన్నాయి. నేను క్షమించమని అడగబోతుంటే, "రేపు క్లాసుకు రా, ఆ లాగడం నీకూ నేర్పాలి" అన్నారు.

రాజన్న యూనిఫాంలోనే వెనక తలుపు దగ్గర నిలబడి విన్నాడు. సేటుకు చెప్పావా అని అడిగాను. "చెప్పిన. మస్తు తిట్టిండు. నౌకరి అయితే తియ్యలే" అన్నాడు.

ఇన్నాళ్లూ కచేరీల్లో ఎవరైనా పైస్థాయికి వెళ్లకపోతే, సాధన చాలలేదని తేలిగ్గా తీసిపడేసేవాణ్ణి. వేదిక ఎక్కేముందు వాళ్ల మధ్యాహ్నం ఎలా గడిచిందో మనకు తెలియదు. ఆ రోజు హాల్లో చప్పట్లు కొట్టినవాళ్లకూ తెలియదు.

వచ్చే శనివారం భీమ్‌గల్‌లో వేణువు, ఆపై శనివారం మెండోరలో గాత్రం ఉన్నాయి. ప్రవేశం ఉచితం. ఆర్మూరు నుంచి భీమ్‌గల్‌కు ఆర్టీసీ బస్సులున్నాయి. వాద్యం తెచ్చుకునేవారు ముందు దాన్ని హాల్లో దింపి, ఆ తర్వాతే ఊరు చూడండి.